ఫ్రీఫాల్‌లో ఒకరి మాట ఒకరికి వినిపిస్తుందా?

పాలకొల్లు నుంచి ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. అక్కా తమ్ముడూ కలిసి వచ్చే శీతాకాలంలో టాండెమ్ స్కైడైవింగ్‌కి, అంటే ఇన్‌స్ట్రక్టర్‌కి కట్టుకుని ఆయనతో కలిసి దూకడానికి, వెళ్తున్నారు. విమానంలోంచి దూకి కిందికి పడుతున్నప్పుడు ఇద్దరూ ఒకేసారి "అమ్మా, హ్యాపీ బర్త్‌డే" అని అరవాలని, ఆ వీడియో అమ్మగారికి చూపించాలని వాళ్ల కోరిక. సినిమాల్లో అలా గాల్లో పడుతూ మాట్లాడుకోవడం చూశారట. అమ్మగారి భయం మాత్రం వేరు. పైన ఉండగా కళ్లు తిరిగినా, ఊపిరి ఆడనట్టు అనిపించినా వెనకున్న ఇన్‌స్ట్రక్టర్‌కి ఎలా చెబుతారు, చెబితే ఆయనకి వినిపిస్తుందా అని ఆవిడ అడుగుతున్నారు.

ముందు సమాధానం చెప్పేస్తాను. ఫ్రీఫాల్‌లో, అంటే పారాషూట్ తెరవకముందు పడుతున్నంతసేపూ, మాట వినిపించదు. మీ తమ్ముడి మాటే కాదమ్మా, మీ వెనక మీకే కట్టి ఉన్న ఇన్‌స్ట్రక్టర్ మాట కూడా వినిపించదనే అనుకుని వెళ్లండి. పారాషూట్ తెరుచుకున్నాక మాత్రం హాయిగా మాట్లాడుకోవచ్చు. ఇక అమ్మగారి ప్రశ్నకి: మీకు ఏదైనా తేడా వస్తే నోటితో చెప్పాల్సిన అవసరం రాకుండానే ఈ పనంతా ఏర్పాటు చేసి ఉంటుంది. అది ఎలాగో కింద వివరంగా చెబుతాను, ఎందుకంటే ఆవిడ అడిగిందే అసలైన ప్రశ్న.

మాది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. మిలిటరీ మాధవరం అంటే మన జిల్లాల్లో తెలియనివాళ్లు ఉండరు. నేను ఎయిర్‌ఫోర్స్‌లో చేరి ఆగ్రాలోని పారాట్రూపర్స్ ట్రైనింగ్ స్కూల్లో జంప్ ఇన్‌స్ట్రక్టర్‌గా ఏళ్ల తరబడి పనిచేశాను, రిటైరయ్యాక కొంతకాలం సివిల్ సెంటర్లలో టాండెమ్ కూడా చేయించాను. కాబట్టి చెప్పేదంతా చేసి చూసిందే.

మాట వినిపించదంటే ఎంత వినిపించదో చెబుతాను. నలుగురం చేతులు పట్టుకుని గుండ్రంగా పడుతున్నప్పుడు ఎదుటివాడి ముఖం నా ముఖానికి మీటరు దూరంలో ఉంటుంది. నోరు తెరిచి ఏదో అరుస్తున్నాడని కనిపిస్తుంది, నవ్వుతున్నాడని తెలుస్తుంది, ఒక్క అక్షరం చెవిన పడదు. పెదాలు చూసి పోల్చుకుందామన్నా కుదరదు, గాలికి బుగ్గలు అదురుతూ ఉంటాయి, నోరు ఏ ఆకారంలో ఉందో దానికే తెలియదు. తలకి తల ఆనించి, చెవి దగ్గర నోరు పెట్టి గొంతు చించుకుంటే ఒక పొట్టి మాట, అదీ ముందే అనుకున్న మాటైతే, లీలగా అందుతుంది. ముఖమంతా కప్పే హెల్మెట్లు ఇద్దరికీ ఉండి, ఆ రెండూ తాకించి అరిస్తే ఇంకొంచెం మెరుగు, హెల్మెట్ గట్టి డొప్ప గుండా శబ్దం నేరుగా అవతలికి పోతుంది కాబట్టి. అంతకు మించి ఆశపడకండి.

ఇంకో సంగతి, మీ గొంతు మీకు మాత్రం వినిపిస్తుంది. అది బయటి గాలిలోంచి కాదు, పుర్రె ఎముకల గుండా లోపలి నుంచే చెవికి చేరుతుంది. టాండెమ్ చేసి కిందికి దిగినవాళ్లు చాలామంది "సార్, అంత గట్టిగా మీ పేరు పెట్టి పిలిచాను, పలకలేదేం?" అని నన్ను నిలదీసేవాళ్లు. వాళ్ల నోటికీ నా చెవికీ మధ్య జానెడు దూరం ఉంటుంది, ఏదో కంపనం ఛాతీకి తగిలినట్టు అనిపించేదే గాని మాట అన్నది నాకు చేరేది కాదు.

ఎందుకు వినిపించదు అన్నదానికి చాలామంది చెప్పే కారణం తప్పు. మనం శబ్దం కంటే వేగంగా పడిపోతాం, మాట పైనే ఉండిపోతుంది అంటారు. కాదు. బోర్లా పడుకున్న భంగిమలో మనిషి పడే వేగం గంటకు సుమారు 190 నుంచి 200 కి.మీ. దగ్గర నిలకడ అవుతుంది. కిందికి లాగే బరువూ పైకి నెట్టే గాలీ సరిసమానం అయిపోతాయి, ఇక అక్కడి నుంచి వేగం పెరగదు. దూకిన పది పన్నెండు సెకన్లలోనే ఆ స్థితి వచ్చేస్తుంది. శబ్దం వేగమేమో గంటకు 1,200 కి.మీ. పైచిలుకు, నాలుగు కిలోమీటర్ల ఎత్తున చలికి కాస్త తగ్గినా 1,150 పైనే ఉంటుంది. పైగా పక్కపక్కన పడుతున్న ఇద్దరూ ఒకే వేగంతో పడుతున్నారు. కాబట్టి మీ తమ్ముడు పక్కనే ఉండి అరిస్తే ఆ మాట మీ చెవి దాకా వస్తుంది, రాకుండా పోదు. వచ్చాక హోరులో మునిగిపోతుంది, అంతే.

ఆ హోరు ఎక్కడ పుడుతుందో అర్థం చేసుకుంటే మిగతాదంతా తేలిక. గంటకు 200 కి.మీ. వేగంతో వచ్చే గాలి మీ చెవి డొప్ప అంచునీ, టోపీ పట్టీనీ, గాగుల్స్ ఎలాస్టిక్‌నీ ఒరుసుకుంటూ పోయి అక్కడికక్కడే సుడులు తిరుగుతుంది. ఆ సుడులే చప్పుడు. ఎక్కడో దూరంగా పుట్టి మీ దాకా వచ్చే చప్పుడు కాదది, మీ చెవి దగ్గరే పుడుతుంది. మామూలు మాట మీటరు దూరంలో 60 డెసిబెల్స్ ఉంటుంది, గొంతు పగిలేలా అరిస్తే 90 దరిదాపుల్లోకి వస్తుంది. హెల్మెట్ పెట్టుకుని బైక్ మీద 100 కి.మీ. వేగంతో పోయేవాడి చెవి దగ్గరే గాలి చప్పుడు 95 దరిదాపుల్లో ఉంటుంది. ఫ్రీఫాల్ వేగం దానికి రెట్టింపు. వేగం రెట్టింపైతే గాలి చప్పుడు రెట్టింపుతో ఆగదు, ఎన్నో రెట్లు పెరుగుతుంది. డెసిబెల్ లెక్కలో పది పెరిగితే చాలు, శబ్దశక్తి పదింతలైనట్టు. ఇంక మాటకి చోటెక్కడిది?

మనవైపు వాళ్లకి ఇది చెప్పడానికి నాకు ఎప్పుడూ ఒకటే దారి. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ తుపాను చూసిన పెద్దవాళ్లని అడగండి. ఒకే గదిలో పక్కపక్కన కూర్చున్న మనుషులకి కూడా ఒకరి కేక ఒకరికి అందలేదని చెబుతారు. ఆ గాలిలో మాట ఎందుకు అందలేదో ఫ్రీఫాల్‌లోనూ అందుకే అందదు. ఒక్కటే తేడా, అక్కడ మనిషి కూర్చున్నాడు, గాలి వచ్చి మీద పడింది. ఇక్కడ గాలి నిలకడగా ఉంది, మనిషే దాన్ని చీల్చుకుంటూ పోతున్నాడు. చెవికి ఆ రెండింటికీ భేదం తెలియదు.

ఒక మినహాయింపు ఉంది. ఏఎన్-32 లాంటి విమానంలోంచి దూకితే విమానం ముందుకు పోతున్న వేగం ఎలాగూ మనకీ ఉంటుంది కాబట్టి తలుపు దాటిన క్షణం నుంచే గాలి మొత్తేస్తుంది. కానీ గాలిలో నిలిపి ఉంచిన ఎంఐ-17 హెలికాప్టర్‌లోంచి దూకినప్పుడు మొదటి సెకన్లలో ముందుకు పోయే వేగం ఉండదు, కిందికి పడే వేగం ఇంకా పుంజుకోదు. రెండు సెకన్లకి గంటకు 70 కి.మీ. అవుతుంది. రెక్కల చప్పుడు లేకపోతే ఆ రెండు మూడు సెకన్లలో పక్కవాడి కేక వినిపించాలి, హాట్ ఎయిర్ బెలూన్ నుంచి దూకేవాళ్లకి వినిపిస్తుంది కూడా. ఆ తర్వాత గాలి హోరు క్రమంగా పెరుగుతూ పోయి మాటని మింగేస్తుంది. మీరు వెళ్లేది విమానంలో కాబట్టి ఆ అవకాశం మీకు లేదు.

ఇప్పుడు అమ్మగారి ప్రశ్నకి వస్తాను. మాట లేకుండా మేం పని ఎలా నడిపిస్తాం?

చేతులతో. ఫ్రీఫాల్ నేర్చుకునే విద్యార్థిని ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లం చెరో పక్కా హార్నెస్ (ఒంటికి బిగించే పట్టీలు) పట్టుకుని తీసుకెళ్తాం. కొత్తవాడు చేసే మొదటి పని, భయంతో మోకాళ్లు మడిచేసి మడమల్ని పైకి ముడుచుకోవడం. అలా ముడుచుకోగానే ముగ్గురం కలిసి వెనక్కి జారడం మొదలవుతుంది. అప్పుడు నేను రెండు వేళ్లు నిటారుగా చాచి వాడి కళ్ల ముందు పెడతాను. పక్కన కాదు, సూటిగా గాగుల్స్ ముందు, ఎందుకంటే టెన్షన్‌లో ఉన్నవాడికి పక్కచూపు పనిచేయదు. కాళ్లు చాపు అని దానర్థం. గాగుల్స్ వెనక ఆ కళ్లు ముందు నా వేళ్లని చూస్తాయి, తర్వాత నన్ను చూస్తాయి, ఓ సెకను గడుస్తుంది, అప్పుడు పిక్కలు వెనక్కి చాచుకుంటాయి, గాలి వాటిని పట్టుకోగానే జారడం ఆగిపోతుంది. అదే రెండు వేళ్లు వంచి చూపిస్తే మోకాళ్లు వంచమని. అరచేయి వదులుగా ఊపితే బిగుసుకోకు, ఒళ్లు వదులు చెయ్యి అని. మణికట్టు వైపు చూపిస్తే ఎత్తు చూసుకో అని, వాడు తన ఆల్టిమీటర్ చూసి తల ఊపాలి. బొటనవేలు పైకెత్తితే బాగుంది అని. చూపుడు వేలు ఒక్కటే చాచి చూపిస్తే మరో ఆలోచన లేదు, పారాషూట్ లాగేయాలి.

ఇవన్నీ నేల మీద, బల్ల మీద బోర్లా పడుకోబెట్టి పొద్దస్తమానం చేయిస్తాం. సంకేతం చూపించాక ఆలోచించి గుర్తు తెచ్చుకుంటే పనికిరాదు, చూడగానే ఒళ్లు కదలాలి. మా దగ్గరికి పంజాబ్ నుంచి, నాగాలాండ్ నుంచి, తమిళనాడు నుంచి, మన శ్రీకాకుళం నుంచి కుర్రాళ్లు వచ్చేవాళ్లు. కొందరికి హిందీ కూడా సరిగ్గా వచ్చేది కాదు, తరగతి గదిలో కష్టపడేవాళ్లు. పైకి వెళ్లాక మాత్రం అందరూ సమానమే. రెండు వేళ్లు ఎవరికైనా రెండు వేళ్లే.

మాట లేనిచోట ముందస్తు ఒప్పందమే మాట. ఇది నేను మనసారా నమ్మే విషయం, అందుకే నొక్కి చెబుతున్నాను. 2006 ఫిబ్రవరి 8న థాయ్‌లాండ్‌లోని ఉడోన్ థాని మీద 400 మంది స్కైడైవర్లు ఒకరినొకరు పట్టుకుని ఆకాశంలో ఒకే ఆకారం కట్టారు, 4.25 సెకన్ల పాటు నిలబెట్టారు. ప్రపంచ రికార్డు. అంతమందిలో ఏ ఒక్కరూ పక్కవారితో ఒక్క మాట మాట్లాడలేదు, మాట్లాడినా వినిపించేది కాదు. ఎవరు ఏ చోటికి ఏ దిక్కు నుంచి రావాలి, ఎవరి చేయి పట్టుకోవాలి, ఏ ఎత్తులో విడిపోవాలి అన్నదంతా నేల మీద కాలినడకన రిహార్సల్ చేసుకుని వెళ్లడమే. నలుగురైదుగురి జట్టులో అయితే ఒక ఆకారం నుంచి ఇంకో ఆకారానికి మారడానికి ఒకరు తల ఊపితే చాలు. పారాషూట్ తెరిచే ముందు రెండు చేతులూ తల మీదుగా అటూ ఇటూ ఊపుతాం, నేను తెరుస్తున్నాను, పైన ఎవరైనా ఉంటే తప్పుకోండి అని. చిన్న సంకేతంలా ఉంటుంది గాని ప్రాణాలు కాపాడేది అదే.

మరి స్పృహ తప్పితే? అమ్మగారు భయపడుతున్నది దీనికే కదా. 2014లో ఆస్ట్రేలియాలోని పెర్త్ దగ్గర ఫ్రీఫాల్ నేర్చుకుంటున్న ఒక విద్యార్థికి గాల్లోనే ఫిట్స్ వచ్చాయి. ఎడమకి తిరగాల్సినవాడు తిరగకుండా వెల్లకిలా పడిపోయాడు. అరిచి అడగడానికి వీల్లేదు, అడిగినా వినే స్థితిలో అతను లేడు. ఇన్‌స్ట్రక్టర్ ఆ పడే తీరు చూసే సంగతి పట్టేశాడు, ఒకసారి అందలేదు, రెండోసారి పట్టుకుని అతని పారాషూట్ తెరిచేశాడు. కుర్రాడు కింద దిగేలోపే స్పృహలోకి వచ్చాడు, క్షేమంగా దిగాడు. మర్నాడు కాకపోయినా కొన్ని నెలలకి ఆ వీడియో బయటికొచ్చి ప్రపంచమంతా చూసింది. దాన్ని అమ్మగారికి చూపించమని చెప్పను, ఆవిడకి నిద్రపట్టదు. కానీ అందులో ఇన్‌స్ట్రక్టర్ ఏం చేశాడన్నది మాత్రం చెప్పండి. అతను మాట కోసం ఎదురుచూడలేదు. మా అందరి శిక్షణా అదే.

అది ఒంటరిగా దూకే విద్యార్థి సంగతి. మీది టాండెమ్, అంటే మీరు ఆయన ఛాతీకి నాలుగు చోట్ల బిగించి ఉంటారు, పారాషూట్ ఆయన వీపున ఉంటుంది. మీరు స్పృహలో ఉన్నా లేకపోయినా, మాట్లాడినా మాట్లాడకపోయినా ఆయన చేయాల్సినవన్నీ ఆయన చేస్తాడు. దూకిన కొద్దిసేపటికే డ్రోగ్ అనే చిన్న గొడుగు వెనక వదులుతారు, ఇద్దరి బరువు వల్ల వేగం మితిమీరిపోకుండా అది పట్టి ఉంచుతుంది. భుజం మీద తట్టినప్పుడు హార్నెస్ పట్టుకున్న చేతులు వదిలి పక్కలకి చాచాలి. ఎన్నిసార్లు తడితే ఏం చేయాలన్నది సెంటర్‌ని బట్టి కొద్దిగా మారుతుంది, నేల మీద బ్రీఫింగ్‌లో అడిగి రెండుసార్లు చేసి చూపించుకోండి. ఆయనకి అనుకోనిది ఏదైనా జరిగి తెరవలేకపోయినా, నిర్ణీత ఎత్తు దాటి అదే వేగంతో పడుతుంటే రిజర్వ్ పారాషూట్‌ని (అత్యవసరానికి ఉంచే రెండో పారాషూట్) దానంతట అదే తెరిచే యంత్రం ఒకటి లోపల ఉంటుంది. 1991 నుంచి సైప్రెస్ అన్న పేరుతో వాడకంలోకి వచ్చిన ఆ రకం యంత్రం ఎంతోమందిని బతికించింది. అది ఆయన పారాషూట్ బ్యాగ్‌లో ఉందా అని అడగడానికి మొహమాటపడకండి.

ఊపిరి ఆడనట్టు అనిపించడం గురించి. గాలి తక్కువై కాదు, ముఖం మీద కొట్టే గాలికి బెదిరి ఊపిరి బిగబట్టడం వల్ల అలా అనిపిస్తుంది. దీనికి మందు అరవడమే. అరిస్తే లోపలి గాలి బయటికి పోతుంది, పోయాక కొత్తది దానంతట అదే లోపలికి వస్తుంది. కాబట్టి "అమ్మా" అని అరవండి, ఎవరికీ వినిపించకపోయినా మీకు పనికొస్తుంది.

రేడియోలు పెట్టుకోవచ్చు కదా అని ఇంకొకరు అడుగుతారు. మనిషి ఫ్రీఫాల్‌లో మాట్లాడిన సందర్భాలు ఉన్నాయి. 2012 అక్టోబరు 14న ఫెలిక్స్ బామ్‌గార్ట్‌నర్ 39 కిలోమీటర్ల ఎత్తు నుంచి దూకి శబ్దవేగాన్ని దాటినప్పుడు కింద కంట్రోల్ రూమ్‌తో రేడియో సంబంధం ఉంది, కానీ ఆయన ఉన్నది గాలి చొరబడని ప్రెషర్ సూట్‌లో, మూసిన హెల్మెట్‌లో. తెరిచి ఉన్న ముఖంతో దూకితే మైక్‌లోకి ముందు గాలే దూరుతుంది. విద్యార్థుల హెల్మెట్‌లో పెట్టే రేడియో కూడా పారాషూట్ తెరుచుకున్నాక కింద నుంచి "ఎడమకి తిప్పు, ఇప్పుడు బ్రేక్ లాగు" అని చెప్పడానికే. ఫ్రీఫాల్‌లో మా చెవిలో నమ్మకంగా వినిపించేది ఒకటే, హెల్మెట్‌లో చెవి పక్కన పెట్టుకునే ఆల్టిమీటర్ బీప్. ముందే సెట్ చేసిన ఎత్తులు రాగానే కీచుమని మోగుతుంది. చెవికి అంగుళం దూరంలో ఉండి, సన్నని పదునైన శబ్దం కాబట్టి హోరులోంచి చీల్చుకుని వస్తుంది. మనిషి గొంతుకి ఆ పదును లేదు.

ఇక పారాషూట్ తెరుచుకున్నాక. ఇది మాటల్లో చెప్పడం కష్టం గాని ప్రయత్నిస్తాను. ఒక్క గుంజు, కాళ్లు కిందికి వేలాడతాయి, ఆ హోరు టక్కున ఆగిపోతుంది. మొదట చెవులు దిబ్బడ వేసినట్టు ఉంటాయి, గుటక వేస్తే విచ్చుకుంటాయి. అప్పుడు వెనక నుంచి ఇన్‌స్ట్రక్టర్ "ఎలా ఉందండీ?" అని మామూలు గొంతుతో అడుగుతారు, అంత దగ్గరగా మనిషి ఉన్నాడన్నది అప్పుడే తెలిసినట్టు కొత్తవాళ్లు ఉలిక్కిపడతారు. పట్టీలు కాస్త వదులు చేయడం, దిగేటప్పుడు కాళ్లు పైకెత్తమనడం, ఇవన్నీ అప్పుడు నోటితోనే చెబుతారు. పారాషూట్లని ఒకదానికొకటి ఆనించి ఆకారాలు కట్టే జట్లు కూడా నోటితోనే ఆదేశాలు ఇచ్చుకుంటాయి.

ఇంకా బాగుండేది కింది శబ్దాలు. ఆగ్రా పక్కన మాల్‌పురా డ్రాపింగ్ జోన్ మీద వెయ్యి అడుగుల్లో ఉండగా పొలాల్లో నీళ్ల మోటారు చప్పుడు, నెమలి కూత, "ఛత్రీ, ఛత్రీ" అంటూ గట్ల మీద పరుగెత్తే పిల్లల కేకలు విడివిడిగా వినిపించేవి. ఆ ఎత్తున అడ్డుగోడలు లేవు, వేరే చప్పుడు లేదు. ఎన్నేళ్లు చేసినా ఆ నిమిషాలంటే నాకు తీపే.

కాబట్టి మీ శుభాకాంక్షలు చెప్పాల్సింది ఇక్కడ. అమ్మగారిని ల్యాండింగ్ గ్రౌండ్‌కి తీసుకెళ్లగలిగితే, పారాషూట్ కింద రెండు వందల మీటర్ల ఎత్తుకి వచ్చినప్పుడు, ఇన్‌స్ట్రక్టర్‌ని ముందే అడిగి పెట్టుకుని, ఆయన సరేనన్నప్పుడు గట్టిగా పిలవండి. గాలి మరీ ఎదురు లేకపోతే ఆవిడకి వీడియోలో కాదు, నేరుగా వినిపిస్తుంది. ఇంకా కిందికి వచ్చాక మాత్రం అరుపులు ఆపేసి ఆయన చెప్పేది వినాలి.

వీడియో విషయంలో ఒక సంగతి మీకు ముందే తెలియాలి. మీరిద్దరూ ఒకే విమానంలో ఎక్కినా గాలిలో పక్కపక్కన ఉండరు. రెండు టాండెమ్ జంటల మధ్య కొన్ని సెకన్ల ఎడం ఇచ్చి వదులుతారు, అంటే మీ మధ్య దూరం వందల మీటర్లు అవుతుంది. అది కావాలని పెట్టే దూరం, పారాషూట్లు ఒకదానికొకటి తగలకూడదని. దాన్ని తగ్గించమని ఎవరినీ బతిమాలకండి. మన దేశంలో చాలాచోట్ల టాండెమ్ 9, 10 వేల అడుగుల నుంచి ఉంటుంది, ఫ్రీఫాల్ అర నిమిషం అటూ ఇటూ. ఆ అర నిమిషంలో కెమెరా మైక్‌కి పడేది గాలి హోరు మాత్రమే, అందుకే సెంటర్లవాళ్లు ఆ భాగం మీద పాట వేసి ఇస్తారు. సినిమాల్లో వినిపించే మాటలు కూడా తర్వాత డబ్బింగ్ చెప్పి అతికించినవే.

మా దగ్గరికి వచ్చిన చాలామంది చేసే పని మీరూ చేయండి. మార్కర్‌తో అరచేతుల మీద రాసుకోండి, మీ చేతి మీద "అమ్మా", మీ తమ్ముడి చేతి మీద మిగతాది. పెద్ద అక్షరాలు, నల్ల సిరా. చెమటకి చెరిగిపోకుండా హార్నెస్ బిగించడానికి ముందు కాకుండా విమానం ఎక్కే ముందు రాసుకోవాలి. చేతులు చాచమని తట్టాక అరచేతిని కెమెరా వైపు తిప్పండి, చాలు. విమానంలో కూడా రికార్డ్ చేయమనండి, ఇంజిన్ చప్పుడు ఉన్నా కెమెరా దగ్గరగా పెడితే మాట పడుతుంది. తలుపు తెరిచాక అది కూడా ఉండదు.

ముందే రుచి చూడాలంటే హైదరాబాద్‌లో గండిపేట దగ్గర ఇండోర్ స్కైడైవింగ్ ఉంది, నిలువు గొట్టంలో కింది నుంచి గాలి కొట్టి మనిషిని తేలుస్తారు. అక్కడా మాట నడవదు, చెవుల్లో పెట్టుకోవడానికి ఇయర్ ప్లగ్స్ ఇస్తారు, ఇవే సంకేతాలు నేర్పుతారు. భయం ఉన్నవాళ్లకి మంచి మెట్టు. మన డెల్టాలో ఎందుకు పెట్టరని కూడా కుర్రాళ్లు అడుగుతుంటారు. తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే ఉన్న మాట నిజమే, కానీ రన్‌వే ఒక్కటే చాలదు. దిగడానికి చుట్టూ ఖాళీ నేల కావాలి. కొబ్బరి తోటలు, కరెంటు తీగలు, కాలువలు, చేపల చెరువులు ఉన్న నేల మీద కొత్తవాళ్లని దింపడం నాకు మనసొప్పదు. కట్టిన హార్నెస్‌తో నీళ్లలో పడటం చాలా ప్రమాదం.

చివరిగా చెవుల జాగ్రత్త, మన తేమ వాతావరణంలో జలుబులు ఎక్కువ కాబట్టి. విమానం పైకి వెళ్లడానికి పావుగంట పైనే పడుతుంది, మీరు అందులో సగం ఎత్తు అర నిమిషంలో దిగిపోతారు. ఆ ఒత్తిడి మార్పుని చెవి తట్టుకోవాలంటే ముక్కూ గొంతూ తెరిపిగా ఉండాలి. ముక్కు దిబ్బడ ఉండగా దూకితే చెవిపోటు దారుణంగా వస్తుంది, ఒక్కోసారి కర్ణభేరి దెబ్బతింటుంది, పారాషూట్ తెరుచుకున్నాక కూడా ఏమీ సరిగ్గా వినిపించదు. మందు బిళ్ల వేసుకుని మేనేజ్ చేద్దామనుకోవద్దు, పైకి వెళ్లాక దాని ప్రభావం తగ్గితే దిగేటప్పుడు ఇంకా కష్టం. జలుబు ఉంటే ఆ రోజు మానేయడమే. డబ్బు కట్టే ముందే ఆరోగ్య కారణంతో తేదీ మార్చుకునే వీలుందో లేదో సెంటర్‌వాళ్లని అడిగి, ఆ మాట రాతపూర్వకంగా తీసుకోండి.